‘తనంతట తానే’ అనే మాటతో నా పేచీ

కెమిస్ట్రీ వాళ్లు చాలా తేలిగ్గా వాడేసే ఒక మాట మీద నాకు పేచీ ఉంది. సెల్ఫ్-అసెంబ్లీ. మన సెమినార్లలో దీన్ని తెలుగులో చెప్పమంటే ‘అణువులు ఆటోమేటిక్‌గా వాటంతట అవే కలిసిపోతాయి సార్’ అనేసి స్లైడు మార్చేస్తాం. సారు కూడా తలూపుతారు. వాటంతట అవే కలిసిపోయాక ఇంకా అడగడానికి ఏముంటుంది?

నేను మెకానికల్ బ్రాంచ్ వాణ్ని. లెక్క ప్రకారం నాకూ కెమిస్ట్రీకీ ఉన్న చుట్టరికం ఫస్టియర్‌లో నీళ్ల కాఠిన్యం కొలిచే టైట్రేషన్‌తోనే తెగిపోవాలి. తెగకపోవడానికి కారణం ఒక పదం: మెకానికల్ బాండ్. మా బ్రాంచ్ పేరు అణువుల మధ్య ఏం చేస్తోందా అని చదవడం మొదలుపెట్టాను.

విషయం చిన్నదే. రెండు ఉంగరాలు గొలుసులోని కొక్కేల్లా ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయనుకోండి. ఒక్కో ఉంగరం ఒక్కో అణువు. రెండింటి మధ్యా ఎలక్ట్రాన్ల పంపకం లేదు. ఇంటర్‌లో బట్టీపట్టిన అయానిక్, కోవలెంట్ బంధాల్లో ఏదీ అక్కడ లేదు. అయినా ఏదో ఒక ఉంగరాన్ని తెంపితే తప్ప అవి విడిపోవు. కాటెనేన్ అంటారు వీటిని. లాటిన్‌లో కాటెనా అంటే గొలుసు. అణువుల్ని పట్టి ఉంచేది కేవలం ఆకారం కాబట్టే ఆ బంధానికి ‘మెకానికల్’ అని పేరు.

దీనికి నేను వాడుకునే తెలుగు మాట లంకె. యూరియా బస్తా కావాలంటే ఈ డబ్బా కూడా తీసుకోవాలి అనే లంకె సంగతి మా బాన్సువాడ వైపు రైతులకు విడమరచి చెప్పక్కర్లేదు. బస్తాకూ డబ్బాకూ ఏ సంబంధమూ ఉండదు, కానీ ఒకటి వదిలి ఇంకోటి రాదు. మెకానికల్ బాండ్‌కు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

సరే, ఉంగరంలో ఉంగరం దూరేదెలా? అణువును చేత్తో పట్టుకుని ఇంకో అణువులోకి దూర్చలేం కదా. 1960లో బెల్ ల్యాబ్స్‌లో ఎడెల్ వాసర్‌మన్ అదృష్టాన్నే నమ్ముకున్నాడు. 34 కార్బన్ల ఉంగరాలు తయారుచేసి, వాటి మధ్యలో పొడవాటి దారంలాంటి అణువుల్ని ఉంగరాలుగా మూశాడు. మూసే క్షణానికి ఆ దారం యాదృచ్ఛికంగా ఇంకో ఉంగరంలోంచి దూరి ఉంటే లంకె పడుతుంది, లేకపోతే లేదు. పడింది నూటికి ఒకటి కూడా కాదు. నిజంగా ‘తనంతట తానే’ అనదగ్గ పద్ధతి ఏదైనా ఉంటే ఇదీ. మనిషి ఏ సాయమూ చేయలేదు. ఫలితం చూశారుగా! 1964లో జర్మనీలో షిల్, ల్యూట్రింగ్‌హౌస్ ఇంకో దారి తొక్కారు. ఉంగరాల్ని ముందు మామూలు బంధాలతో కట్టేసి, లంకె పడ్డాక ఆ కట్లు కోసేశారు. పని జరిగింది కానీ మెట్లు మరీ ఎక్కువ.

దారి తెరుచుకున్నది 1983లో, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో. జాన్-పియర్ సొవాజ్ అప్పటికి ఉంగరాల మనిషి కాదు. సూర్యరశ్మితో రసాయన చర్యలు నడిపించే లోహ సంయోగాల మీద పనిచేస్తున్నాడు. తన దగ్గరున్న ఒక రాగి సంయోగం నమూనా చూస్తుంటే, రాగి అయాన్ చుట్టూ రెండు అణువులు ఒకదానికొకటి అడ్డంగా మెలిపడి ఉండటం కంట్లో పడింది. ఆ రెండింటినీ ఉంగరాలుగా మూస్తే? క్రిస్టియాన్ డీట్రిష్-బుషెకర్‌తో కలిసి అదే చేశాడు. ఒక ఉంగరం, దాని లోపలికి దూరిన ఒక నెలవంక ముక్క. రెండూ మధ్యలో ఉన్న రాగిని పట్టుకుని ఆగుతాయి. నెలవంక రెండు కొసల్నీ ఇంకో ముక్కతో కలిపేస్తే రెండో ఉంగరం పూర్తి. దిగుబడి ఒక్క దెబ్బకు 42 శాతానికి వచ్చింది.

ఇక్కడ ఆగాలి. పుస్తకాల్లో ఈ రాగిని ‘టెంప్లేట్’ అంటారు. మన దగ్గర దీనికి ఇంతకంటే తెలిసిన మాట ఉంది, సివిల్ వాళ్లు ఇప్పటికే పట్టేసి ఉంటారు: సెంట్రింగ్. స్లాబు పోసేటప్పుడు కింద కర్రలు, చెక్కలు, రేకులు పెట్టి కాంక్రీటుకు ఆకారం ఇస్తారు. గట్టిపడ్డాక అన్నీ విప్పేస్తారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు స్లాబు కనిపిస్తుంది, సెంట్రింగ్ కనిపించదు. సొవాజ్ కూడా చివర్లో రాగిని పీకేశాడు. దేంతో అనుకున్నారు? సైనైడ్‌తో. సైనైడ్‌కు రాగి అంటే మహా ప్రీతి, ఉంగరాల చేతుల్లోంచి లాగేసుకుపోతుంది. మిగిలిన అణువులో రాగి జాడ ఒక్క పరమాణువైనా ఉండదు. ఫార్ములా మాత్రమే చూసినవాడికి ఆ రెండు ఉంగరాలూ దేవుడు కలిపినట్టే ఉంటాయి.

‘తనంతట తానే’ మీద నా మొదటి అభ్యంతరం ఇదే. లంకె కుదిరిన ప్రతిచోటా ఎవరో సెంట్రింగ్ కట్టి, తర్వాత విప్పుకుపోయి ఉంటారు. మాటేమో విప్పేశాక మిగిలినదాన్ని మాత్రమే చూసి మాట్లాడుతుంది.

అలాగని అంతా కెమిస్టు గొప్పే అంటే అదీ తప్పే. ఫ్రేజర్ స్టొడార్ట్‌నే తీసుకోండి. స్కాట్లండ్‌లో కరెంటు లేని పొలం ఇంట్లో జిగ్‌సా పజిళ్లు పేర్చుకుంటూ పెరిగిన మనిషి. 2016లో సొవాజ్, బెన్ ఫెరింగాలతో కలిసి నోబెల్ అందుకున్నాడు, 2024 డిసెంబరు 30న కన్నుమూశాడు. 1989లో ఆయన బృందం లోహం ఊసే లేకుండా 70 శాతం దిగుబడితో కాటెనేన్ చేసింది. ఎలక్ట్రాన్లు కొరవడిన ముక్క ఒకటి, ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న ఉంగరం ఒకటి. మొదటిది రెండోదాని ఒడిలోకి జరిగి కూర్చుంటుంది, అక్కడే దాని కొసలు మూసుకుంటాయి. ఇక్కడ సెంట్రింగ్ బయటి నుంచి తెచ్చింది కాదు, ముక్కల స్వభావంలోనే ఉంది. అయితే ఆ స్వభావం తెలిసి ఆ ముక్కల్నే ఏరింది మాత్రం మనిషే.

ఇలాంటి బలహీనమైన ఆకర్షణల మీద పెద్ద పని మన పక్కనే జరిగింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా ఏళ్లు పనిచేసిన గౌతమ్ దేశిరాజు, స్ఫటికాల్లో అణువులు ఏ పద్ధతిలో పక్కపక్కన చేరతాయో పట్టుకుని, అలా పదే పదే కనిపించే జతకట్టు తీరులకు ‘సుప్రామాలిక్యులర్ సింథాన్’ అని పేరుపెట్టి 1995లో వ్యాసం రాశారు. ప్రపంచమంతా చదివిన వ్యాసం. గచ్చిబౌలిలో బస్సు దిగి ఐటీ కంపెనీల వైపు నడిచే మనకు ఆ గేటు వెనకాల ఇది జరిగిందని ఎవరూ చెప్పలేదు. అదో వేరే బాధ.

ఇక ఈ మొత్తం కథలో నాకు అన్నింటికంటే నచ్చింది జపాన్ వాళ్ల పని. 1994లో మకోటో ఫుజిటా బృందం ముందే తయారైన రెండు పూర్తి ఉంగరాల నుంచి లంకె వేసింది. మూసి ఉన్న ఉంగరంలోకి మూసి ఉన్న ఉంగరం ఎలా దూరుతుంది? ఇంద్రజాలికులు స్టేజీ మీద స్టీలు రింగులతో చేసే ట్రిక్కే! రహస్యం ఏంటంటే ఆ ఉంగరాల్లో కొన్ని బంధాలు లోహానికీ నైట్రోజన్‌కూ మధ్య ఉంటాయి. లోహం పల్లాడియం అయితే ఆ బంధాలు నీళ్లలో ఊడుతూ, మళ్లీ అతుక్కుంటూ ఉంటాయి. నీళ్లు పలచగా ఉంటే ఉంగరాలు విడివిడిగా ఉంటాయి. గాఢత పెంచితే జతలు కడతాయి, ఎందుకంటే ఉంగరాల లోపలి భాగానికి నీళ్లంటే పడదు, ఖాళీగా నీళ్లు నింపుకుని ఉండటం కంటే ఒకదాన్నొకటి నింపుకోవడమే వాటికి నయం. రెండు విడి ఉంగరాలు ఒక జతగా మారే సమతాస్థితి ఇది. లె షాట్లియే సూత్రం గుర్తుందా? గాఢత పెంచితే సంఖ్య తగ్గే వైపు జరుగుతుంది. ఇంటర్‌లో అమ్మోనియా తయారీకి వాడి వదిలేశాం.

పల్లాడియం బదులు ప్లాటినం పెడితే కథ ఇంకా బాగుంటుంది. మామూలు వేడిలో ప్లాటినం బంధం ఊడదు, తాళం వేసినట్టే. బాగా వేడిచేసి, ఉప్పు బాగా కలిపితే తాళం వదులవుతుంది, ఉంగరాలు లంకె పడతాయి. చల్లార్చి ఉప్పు తీసేస్తే మళ్లీ తాళం. ఇప్పుడు పలచన చేసినా విడిపోవు.

గమనించాల్సింది ఆ ఊడటాన్ని. తప్పుగా అతుక్కున్న ముక్క ఊడి మళ్లీ ప్రయత్నించగలిగితేనే చివరికి సరైన ఆకారం వస్తుంది. మొదటిసారికే గట్టిగా బిగుసుకుపోతే తప్పు కూడా అలాగే బిగుసుకుంటుంది. 2004లో స్టొడార్ట్ బృందం బొరోమియన్ ఉంగరాలు చేసినప్పుడూ అంతే. మూడు ఉంగరాలు, ఏ ఒక్కటి తెంపినా మిగతా రెండూ విడిపోతాయి. మొత్తం 18 ముక్కలు, వాటిలో 6 జింక్ అయాన్లు. ఊడి అతుక్కునే బంధాలు కాకపోతే 18 ముక్కలు తమ తమ చోట్లు వెతుక్కోవడం అసాధ్యం. (కౌన్సెలింగ్‌లో పదిహేడేళ్ల పిల్లల చేత వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేయించే మన పద్ధతి గురించి ఇక్కడ ఒక పేరా రాసి కొట్టేశాను. మీరే ఊహించుకోండి.)

ఇంత చదివాక నాకు మా ఊరి కాలువ గుర్తొచ్చింది. నీరు పల్లమెరుగు అంటారు. నిజమే, నిజాంసాగర్ తూము ఎత్తితే నీళ్లు తమంతట తామే బాన్సువాడ పొలాల్లోకి వస్తాయి, ఎవరూ తోయక్కర్లేదు. కానీ ఆ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. హైదరాబాద్ రాజ్యంలో చీఫ్ ఇంజనీరుగా ఉన్న అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు అందరికీ తెలుసు. లెవెల్ పెట్టి కాలువ వాలు కొలిచినవాళ్ల పేర్లు, మట్టి మోసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాలు కాస్త తగ్గితే పూడిక పడుతుంది, కాస్త పెరిగితే గట్లు కోసుకుపోతాయి. నీటికి పల్లం తెలుసు, పల్లం చేసింది మాత్రం నీరు కాదు. ఉంగరాల సంగతీ అంతే. శక్తి తక్కువున్న చోటుకు అవి వాటంతట అవే పోతాయి. ఆ చోటును కిందికి దించి పెట్టడమే కెమిస్టు పని.

దీనికి తెలుగులో మంచి మాట లేదా అని వెతికితే ఇంట్లోనే దొరికింది. కుదురు. బిందె దొర్లిపోకుండా కింద పెట్టే గుండ్రటి చుట్టకుదురును మన నాయనమ్మల తరం వాడింది. అదీ ఉంగరమే, చూడండి. దాని పక్కనే కుదరడం, కుదురుకోవడం అనే క్రియలు. ముక్కలు అటూ ఇటూ కదిలి, ఊడి, సర్దుకుని, చివరికి తమ చోట నిలబడటాన్ని కుదురుకోవడం అనకుండా ఏమంటాం? ఇంకా బాగున్న సంగతేంటంటే ఈ క్రియకు ఒక జోడీ ఉంది: కుదర్చడం. పెళ్లి కుదిరింది అంటాం, అది తనంతట తానే జరిగినట్టు. కుదిర్చిన మనిషి ఎవరో ఊరంతటికీ తెలుసు. అయితే ఆ పెద్దమనిషి కూడా ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టగలడు గానీ వాళ్ల మధ్య మాట కలపలేడు. రెండు క్రియలూ కలిస్తేనే సంగతి పూర్తవుతుంది. ఇంగ్లీషులో సెల్ఫ్ అనే ముక్క ముందు తగిలించడం వల్ల రెండో క్రియ ఎగిరిపోయింది.

మాటల గురించి ఇంత రభస దేనికి అంటారేమో. ఈ ఉంగరాలు నోబెల్ వాళ్ల గాజు సీసాల్లో మాత్రమే ఉంటే నేనూ ఊరుకునేవాణ్ని. అవి మన పేగుల్లో ఉన్నాయి.

ఈ.కోలై బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఒక ఉంగరం. 46 లక్షల బేస్ జతలు, సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. అది ఉండే కణం పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. ఆ కణం రెండుగా చీలే ముందు డీఎన్‌ఏకు నకలు తయారవుతుంది. రెండు పోగులు మెలితిరిగి ఉన్న ఉంగరానికి నకలు తీస్తే వచ్చే రెండు కొత్త ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి లంకె పడి ఉంటాయి. అచ్చం కాటెనేన్. లంకె విప్పకపోతే కణం చీలలేదు. విప్పడానికి టోపోఐసోమరేజ్-4 అనే ఎంజైమ్ ఉంది. అది ఒక ఉంగరాన్ని కోసి, ఆ సందులోంచి రెండో ఉంగరాన్ని దాటించి, కోసిన చోట మళ్లీ అతికిస్తుంది. స్టేజీ మీది ఇంద్రజాలికుడు చేస్తున్నట్టు నటించేదాన్ని ఇది నిజంగా చేస్తుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకునేది ఈ ఎంజైమ్‌నూ, దాని చుట్టమైన గైరేజ్‌నూ. కోసిన తర్వాత, అతికించే ముందు, సరిగ్గా ఆ క్షణంలో ఎంజైమ్‌ను బిగించేస్తుంది. కోసిన డీఎన్‌ఏ కోసినట్టే ఉండిపోతుంది, బ్యాక్టీరియా చస్తుంది. విరేచనాలకీ, మూత్రంలో మంటకీ మనవాళ్లు ‘సిప్రో’ అని పిలిచి మెడికల్ షాపులో అడిగే మాత్ర ఇదే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల్లో ఒకటి. మా వైపు రెండు మాత్రలు కత్తిరించి ఇవ్వడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, మీ ఊళ్లో కూడా చూసే ఉంటారు.

బాన్సువాడ నుంచి సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వచ్చే బస్సు పటాన్‌చెరు దాటుతుంది. అక్కడి శుద్ధి కేంద్రం 2007 నాటికి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాల్ని తీసుకునేది. దాని నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో లెక్కలు ప్రచురించింది. శుద్ధి అయిన తర్వాతి నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే ఇది ఎక్కువ. 2011లో అక్కడి వాగు మట్టిని పరీక్షిస్తే మందుకు లొంగని జన్యువులూ, వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసుకుపోయే డీఎన్‌ఏ ముక్కలూ పెద్ద ఎత్తున కనిపించాయి.

ఆ ప్రాంతపు వాగులు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర మెదక్ మీదుగా నిజాంసాగర్‌కు వస్తుంది. నిజాంసాగర్ నుంచి కాలువ మా పొలాలకు. ఆ 31 మిల్లీగ్రాములు మా మడిలోకి వచ్చాయని నేను అనడం లేదు. అది శుద్ధి కేంద్రం గొట్టం దగ్గర తీసిన లెక్క, మధ్యలో వందల లక్షల లీటర్ల నీరు కలుస్తుంది. కానీ మందు పలచబడినట్టు బ్యాక్టీరియా పలచబడదు. అది ప్రాణమున్నది, పెరుగుతుంది.

ఇప్పుడు వార్తల్లో వాక్యం ఎలా ఉంటుందో చూడండి. ‘యాంటీబయాటిక్స్‌కు బ్యాక్టీరియాలో నిరోధకత వచ్చింది’. వచ్చింది! వాన వచ్చినట్టు. జన్యువులో మార్పు యాదృచ్ఛికమే, ఒప్పుకుంటాను. వాసర్‌మన్ ఉంగరాల్లాగే అది ఎక్కడో నూటికి ఒకటి కాదు, కోట్లకు ఒకటి. ఆ ఒక్కటే మిగిలి, మిగతావన్నీ చచ్చి, అదే పెరిగి పెద్దదయ్యే పల్లాన్ని తవ్వింది ఎవరు? గాఢత పెంచితే సమతాస్థితి ఎటు జరుగుతుందో ఫుజిటా సీసాలో చూసి చప్పట్లు కొడతాం. వాగులో గాఢత పెంచితే మాత్రం ‘వచ్చింది’ అంటాం. గొట్టం పెట్టినవాళ్లు, చూసీ చూడనట్టు సంతకం పెట్టినవాళ్లు, రెండు మాత్రలు కత్తిరించినవాళ్లు, అడిగి కొన్నవాళ్లు, అందరూ ఆ క్రియాపదం వెనక దాక్కున్నారు. కెమిస్ట్రీలో ‘సెల్ఫ్’ అనే మాట చేసే పనే ఇక్కడ ‘వచ్చింది’ చేస్తోంది. అక్కడ దాగేది రాగి, ఇక్కడ దాగేది మనుషులు.

మందుల కంపెనీలు మూసేయాలనే వాదన నాది కాదు. ఆ మాత్ర లేకపోతే బతకనివాళ్లున్నారు, అది చవగ్గా దొరకడానికి కారణం హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలే. మన క్లాసుల్లో కనీసం పదిమంది పెమెంట్లు కూడా అక్కడే. కానీ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో మందు ఎంత మిగిలితే తప్పు అనే అంకె ఒకటి నిబంధనల్లో ఉండాలి, దాన్ని కొలిచి నెలనెలా జనానికి చూపించాలి. కొలవడానికి యంత్రాలున్నాయి, ఈ ఊళ్లోనే ఉన్నాయి, ఎగుమతి చేసే మాత్రలో మలినం ఎంతుందో రోజూ వాటితోనే కొలుస్తున్నారు.

మన క్లబ్బు వాళ్లు సాంకేతిక పదాల పట్టిక ఒకటి చేస్తే బాగుంటుందని నా కోరిక. చేస్తే అందులో సెల్ఫ్-అసెంబ్లీకి ఎదురుగా ‘కుదురుకోవడం’ అనీ, అదే వరుసలో దాని పక్కన ‘కుదర్చడం’ అనీ రాయమని నా మనవి. ఇంతకంటే మంచి మాటలు తట్టినవాళ్లు రాసి పంపండి. ‘స్వయం’తో మొదలయ్యేవి మాత్రం వద్దు.